అమ్మబోవు ఇంటికి శక్తిపరీక్ష



పొలము గాని ఇల్లు గాని బేరమునకు వచ్చినపుడు గ్రామమున మొదట కబురందునది మీకే. పాత దస్తావేజులు చూడుడనియు, హద్దులు సరిచూచుకొనుడనియు, సబు రిజిస్ట్రారు కచేరినుండి ఈ.సి. తెప్పించితిరా యనియు అడుగువారు మీరే. ఆస్తిపై తాకట్టున్నచో ఈ.సి. చెప్పును. హద్దులో తేడా యున్నచో సర్వే గొలుసు చెప్పును. కాని ఆ యింటి కప్పును గోడలును వేడిని నిలుపునో నిలుపవో, ఆ యింట సుఖముగా నుండుటకు ఏడాదికి ఎంత సొమ్ము ఖర్చగునో చెప్పు కాగితము మన బేరములలో లేదు. ఇంగ్లండు దేశమున అట్టి కాగితము కలదు. ఇల్లమ్మదలచినవాడు దానిని సిద్ధపఱచి తీరవలెనని అచటి చట్టము. నేడు దానిని గూర్చి మీతో ముచ్చటింపదలచితిని.

దూరదేశపు చట్టముతో మనకేమి పని యని మీరడుగవచ్చును. మన జిల్లాలనుండి వైద్యులుగను, కంప్యూటరు ఉద్యోగులుగను వెళ్ళి ఆ దేశమున స్థిరపడినవారు అనేకులు. వారు అచట ఇండ్లు కొనుచున్నారు. ఉద్యోగము మాఱినపుడు అమ్ముచున్నారు. కొనునపుడు మొదటి సొమ్ము తఱచుగా ఇచటి పొలమునుండియే పోవుచున్నది. కొనునపుడును అమ్మునపుడును వారు టెలిఫోనులో సలహా అడుగునది తలిదండ్రులనే. కావున సలహా చెప్పువారికి సంగతి తెలిసియుండుట మేలు.

నే నెఱిగిన యొక కుటుంబము కలదు. పేర్లతో పనిలేదు. తండ్రి ఎకరమున్నర మాగాణి అమ్మి కుమారునకు సొమ్ము పంపెను. కుమారుడు ఇంగ్లండులో 1930 ప్రాంతమున కట్టిన ఒక పాత యిల్లు కొనెను. కొనుటకు ముందు తండ్రి అడుగవలసినవన్నియు అడిగెను. హక్కు స్పష్టముగా నున్నదా? బాకీ లేమైన నున్నవా? సింహద్వారము ఏ దిక్కు? అన్నిటికిని మంచి సమాధానములే వచ్చినవి. ఇంటి ప్రకటనలో ధర ప్రక్కనే ‘ఎఫ్’ అను అక్షరము అచ్చుపడియుండెను. దానిని గూర్చి తండ్రి యడుగలేదు, కుమారుడు చెప్పలేదు. దాని యర్థము ఇరువురును ఎఱుగరు.

ఆ సంవత్సరము చలికాలమున తండ్రి అచటికి వెళ్ళెను. రాత్రియంతయు గ్యాసు మండుచునే యున్నది. గది మాత్రము వెచ్చబడదు. తెల్లవాఱునప్పటికి కిటికీ అద్దములకు లోపలి వైపున మంచు పేరుకొనుచున్నది. పిల్లవాని గదిలో గోడ చెమర్చి నల్లని బూజు పట్టినది. చివరకు నలుగురును ఒకే గదిలో పరుండసాగిరి. నెల తిరిగి గ్యాసు బిల్లు వచ్చినపుడు ఆ పెద్దమనుషుడు, “నే నమ్మిన మాగాణి గోడలగుండ బయటికి పోవుచున్నది నాయనా” అనెనట. ఆ మాటలో అతిశయోక్తి కొంచెమే. ఆ మాటే ముందుగా ‘ఎఫ్’ అను అక్షరము చెప్పియున్నది, చదివినవారు లేకపోయిరి.

ఇక ఆ కాగిత మెట్టిదో చూతము. దాని పేరు ‘ఎనర్జీ పెర్‌ఫార్మెన్సు సర్టిఫికెట్టు’. మనము శక్తిపత్రమని పిలుచుకొందము. శక్తి యనగా ఇచ్చట గ్యాసు, విద్యుత్తు, చమురు మొదలగువాని వలన మనకు వచ్చు వేడిమియు వెలుగును. ఐరోపా సమాఖ్య 2002వ సంవత్సరమున గృహముల శక్తివినియోగమును గూర్చి ఒక ఆదేశము గావించెను. దాని ననుసరించి ఇంగ్లండు, వేల్సు దేశములలో 2007 ఆగస్టు 1వ తేదీన ఈ పత్రము అమలులోనికి వచ్చెను. మొదట నాలుగును అంతకు మించియును పడకగదులున్న ఇండ్లకు, పిదప సెప్టెంబరులో మూడు పడకగదుల ఇండ్లకు, డిసెంబరు నడుమ నాటికి అమ్మకమునకు వచ్చు ఇండ్లన్నిటికిని ఈ నియమము వర్తించెను. ఆ కాలమున ఇది అమ్మకందారు సమకూర్పవలసిన పెద్ద కాగితముల కట్టలో నొక భాగము. 2010 మే నెలలో ప్రభుత్వము ఆ కట్టను నిలిపివేసినను ఈ యొక్క పత్రమును మాత్రము ఉంచుకొనెను. 2020లో బ్రిటను ఐరోపా సమాఖ్యనుండి వైదొలగిన తరువాతను ఇది నిలిచియే యున్నది.

పత్రముపై ఇంటికి ఒక అంకెయు, ఒక అక్షరమును వేయుదురు. అంకె 1 మొదలు 100 వఱకు. అంకె పెరిగినకొలది ఇల్లు మంచిది. 92 మొదలు పైన నున్నది ‘ఎ’. 81 మొదలు 91 వఱకు ‘బి’. 69 మొదలు 80 వఱకు ‘సి’. 55 మొదలు 68 వఱకు ‘డి’. 39 మొదలు 54 వఱకు ‘ఇ’. 21 మొదలు 38 వఱకు ‘ఎఫ్’. 20 గాని అంతకు లోపు గాని యున్నచో ‘జి’. ఆకుపచ్చ రంగుతో మొదలై ఎఱుపుతో ముగియు మెట్లవలె వీనిని చిత్రింతురు. మన దేశమున ఫ్రిజ్జులపై నక్షత్రముల చీటీ అంటించుట మీరు చూచియుందురు. ఆ నక్షత్రములు ఆ యంత్రము ఎంత పొదుపైనదో చెప్పును. ఈ యక్షరము ఇంటికంతటికిని వేసిన నక్షత్రముల చీటీ వంటిది.

అంకె ఎట్లు వచ్చునో గ్రహించుటకు వేడి నడక తెలియవలెను. నీరు పల్లమునకు పాఱినట్లు వేడి చల్లని తావునకు పాఱును. బయట చలి, లోపల వెచ్చదనము ఉన్నంతసేపు ఆ ప్రవాహము ఆగదు. దానిని మందగింపజేయుటయే మనము చేయగలపని. మన గొంగళి తనంత వేడి పుట్టింపదు. ఉన్నిపోగుల నడుమ చిక్కిన గాలి కదలక నిలుచుటచే మేని వేడి బయటికి పోదు. తాటాకు కప్పు క్రింద వేసవిలో హాయిగా నుండుటకును, రేకుల కప్పు క్రింద మాడిపోవుటకును కారణ మిదియే. ఆకుల పొరలలో గాలి నిలిచియుండును; రేకులో గాలికి చోటు లేదు. చలిదేశపు ఇంటికి గొంగళి కప్పుటయే శక్తిని పొదుపు చేయుట.

ఇంగ్లండు ఇండ్లలో పెంకుల కప్పు క్రింద అటక యుండును. అటకమీద ఏ పొరయు లేని యింట వేడిలో సుమారు నాలుగవ వంతు కప్పుగుండ పోవును. అందుకే అటకమీద ఉన్నివంటి పీచును 270 మిల్లీమీటర్ల మందమున, అనగా సుమారు 11 అంగుళముల మందమున పఱచవలెనని అచటివారు చెప్పుదురు. ఇక గోడలు. 1920 ప్రాంతమునకు ముందు కట్టిన ఇండ్లలో చాలవఱకు సందు లేని ఇటుక గోడలు. ఆ పిదప రెండు పొరల గోడలు వ్యాపించినవి. రెండు వరుసల ఇటుకల నడుమ సన్నని సందుండును. బయటి గోడకు చిన్నచిన్న రంధ్రములు తొలిచి ఆ సందును పీచుతో నింపవచ్చును. సందు లేని గోడ, సందున్న గోడకంటె రెండింతల వేడిని పోనిచ్చును. తరువాతివి కిటికీలు. ఒంటి అద్దముకంటె నడుమ ఖాళీ విడిచిన జంట అద్దము మేలు. చివరిది నీటిని కాచి ఇల్లంతయు త్రిప్పు బాయిలరు. పాతది గ్యాసును వృథా చేయును. క్రొత్తది పొగలో పోవు వేడిని గూడ కొంత పట్టుకొనును.

ఇప్పుడు పరీక్షను ఏర్పాటు చేసికొను విధము చెప్పెదను. మొట్టమొదట ఇంటికి పూర్వమే పత్రమున్నదా యని చూడవలెను. పత్రములన్నియు ఒక ప్రభుత్వపు పట్టికలో చేర్పబడియుండును. ఇంటి చిరునామా తెలిసినచో ఎవ్వరైనను కంప్యూటరుమీద రుసుము లేకయే దానిని చూడవచ్చును. పత్రము పది సంవత్సరములు చెల్లును. గడువు తీఱలేదేని దానినే చూపి ఇల్లమ్మవచ్చును. గడువు తీఱినను, అసలు లేకున్నను క్రొత్తది తెప్పింపవలెను.

పరీక్షకుడు గుర్తింపు పొందిన సంఘమున సభ్యుడై యుండవలెను. అట్టివారి పేర్లు పైన చెప్పిన ప్రభుత్వపు పట్టికలోనే దొరకును. ఇల్లమ్మిపెట్టు ఏజెంటు తానే ఒకనిని పిలిపింతుననును. సమ్మతింపవచ్చును, కాని రుసుమునకు ప్రభుత్వము ధర కట్టలేదు గనుక ముగ్గురిని విచారించి, తెలిసికొని పిలుచుట మంచిది. పరీక్షకునకు అమ్మకందారుతో బంధుత్వము గాని వ్యాపార సంబంధము గాని యున్నచో ఆ సంగతిని పత్రమున వెల్లడి చేయవలెను.

కాలనియమము గూడ కలదు. ఇల్లు అమ్మకమునకు పెట్టుటకు ముందే పరీక్షకు ఆజ్ఞ యిచ్చియుండవలెను. అమ్మకమునకు పెట్టిన నాటినుండి 7 దినములలో పత్రము చేతికి వచ్చునట్లు తగిన ప్రయత్నమంతయు చేయవలెను. ఎంత ప్రయత్నించినను రానియెడల మఱి 21 దినముల గడువు కలదు. అంతకు మించినచో స్థానికాధికారులు 200 పౌనుల జరిమానా విధింపవచ్చును. ప్రకటనలలో ఆ యక్షరము కనబడునట్లు వేయవలెను. స్కాట్లండులో పద్ధతి కొంత వేఱు. అచట 2008 డిసెంబరునుండి ఇల్లమ్మువారు ఇంటి స్థితిని దెలుపు నివేదికతో గూడ ఈ పత్రమును జతపఱుపవలెను. ఉత్తర ఐర్లండునకును ప్రత్యేక నియమములు కలవు.

పరీక్షకుడు వచ్చిన నాడు ఏమి జరుగును? అతడు గోడలు త్రవ్వడు, పలకలు పీకడు. కంటితో చూచి, కొలిచి, వ్రాసికొనును. ఇల్లు కట్టిన కాలమేది, నేలవైశాల్యమెంత, గదుల ఎత్తెంత, గోడ యెట్టిది, నేల యెట్టిది, అటకమీద పొర మందమెంత, కిటికీల అద్దములు ఒంటివా జంటవా, బాయిలరు ఏ రకము, వేడిని తగ్గించు మీటలున్నవా, వేడినీటి పీపాకు చొక్కా యున్నదా, దీపములు ఎట్టివి, కప్పుపై సూర్యరశ్మి పలకలున్నవా—ఇవి యన్నియు చూచును. ఫొటోలు తీసికొనును. సామాన్యమైన ఇంటికి గంట లోపుననో, గంట పైననో పని ముగియును. తరువాత ఈ వివరములను కంప్యూటరున కందించి అంకె రాబట్టును.

ఇచ్చట పెద్దలు మనసున నుంచుకొనవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. చూడనిదానిని, కాగితము లేనిదానిని పరీక్షకుడు లెక్కింపరాదు. అటక తలుపు తెఱువ వీలులేక మేకులు కొట్టియున్నచో, గోడలోపల పీచున్నదో లేదో బయటికి తెలియనిచో, ఇల్లు కట్టిన కాలమునుబట్టి ఊహించి లెక్కవేయుదురు. పాత యింటి విషయమున ఆ యూహ సామాన్యముగా ఇంటివానికి నష్టమే. కావున గోడసందు నింపించినపుడిచ్చిన హామీపత్రము, కిటికీలు మార్పించినపుడిచ్చిన ధ్రువపత్రము, బాయిలరు రసీదు, కప్పు మరమ్మతు చేయించినపుడు తీసిన ఫొటోలు—ఇవి యన్నియు ఒకచోట జాగ్రత్త పఱచియుంచవలెను. పరీక్షకుడు వచ్చు ముందునాడు అటకకు నిచ్చెన వేయుటయు, బాయిలరు ముందున్న సామాను తీయుటయు, తాళములున్న గదులు తెఱచుటయు చిన్న పనులే. కాని ఆ చిన్న పనులవలన అక్షరము మాఱవచ్చును.

ఆ కుటుంబము సంగతి మఱల చెప్పెదను. మొదటి చలికాలపు కష్టము తరువాత కుమారుడు ఆ శక్తిపత్రమును తెఱచి చదివెను. అందులో అక్షరము మాత్రమే కాదు, ఇంటికి ఏ మరమ్మతులు చేసిన మేలో, ఒక్కొక్కదానికి ఖర్చెంతో, ఏడాదికి మిగులెంతో వరుసగా వ్రాసియున్నది. వాని నన్నిటిని చేసినచో ఏ యక్షరము వచ్చునో గూడ చెప్పియున్నది. ఆ పట్టీ మొదటినుండియు అచటనే యున్నది. కుమారుడు మొదటి యేట అటకమీద పీచు పఱపించెను. రెండవ యేట గోడసందులు నింపించెను. నాలుగవ యేట పాత బాయిలరు తీసి క్రొత్తది పెట్టించెను. ఇల్లు వెచ్చబడినది, గోడ ఆఱినది, పిల్లవాడు తన గదిలో నిద్రింపసాగెను.

ఆఱవ యేట ఉద్యోగము వేఱొక పట్టణమునకు మాఱుటచే ఇల్లమ్మవలసి వచ్చెను. ఏజెంటు పట్టిక చూచి, “పాత పత్రమునకు ఇంకను గడువున్నది. క్రొత్త ఖర్చెందుకు?” అనెను. చట్టమునకు అది చాలును. కాని పాత పత్రముపై నున్నది ‘ఎఫ్’ గదా! ఇంతకాలము పడిన శ్రమయు, పెట్టిన సొమ్మును అందులో కనబడవు. క్రొత్త పరీక్ష చేయింపుమని తండ్రి చెప్పెను. పరీక్షకుడు వచ్చెను. అటక చూచెను, బాయిలరు చూచెను, సరియేయనెను. గోడవద్ద మాత్రము చిక్కు వచ్చినది. గోడసందు నింపించిన తరువాత ఇంటి వెలుపల క్రొత్తగా పూత పూయించిరి. తొలిచిన రంధ్రముల గుర్తులు ఆ పూత క్రింద దాగిపోయినవి. కాగితము చూపింపుమని పరీక్షకుడడిగెను. కుమారునకు అది యెచ్చటనున్నదో తెలియదు.

ఆ రాత్రి అతడు తండ్రికి టెలిఫోను చేసి, “నాన్నగారూ, కాగితము లేనిచో గోడ ఖాళీయని వ్రాయుదురట. ‘ఇ’ వచ్చునట. ఇక్కడ ఒక స్నేహితుడు, ఎక్కడనుండియైనను ఒక రసీదు పుట్టింపవచ్చునని చెప్పుచున్నాడు. గోడ నింపించినది నిజమే గదా, తప్పేమి?” అని యడిగెను.

తండ్రి కొంతసేపు పలుకలేదట. పిదప, “నాయనా, గోడ నింపించినది నిజమే. కాని రసీదు నిజము కాదు. రేపు ఇల్లు కొనువానికి ఎకరమున్నర అమ్మిన తండ్రి యొకడు ఉండవచ్చును. వాడు ఆ కాగితమునే నమ్మును. అక్షరము తగ్గినను సరే, లేని కాగితము పుట్టింపకుము. ముందు మీ అమ్మ నడుగుము” అనెను.

తల్లి ఆ దేశమున నాఱు నెలలుండి వచ్చినది. శిస్తు రసీదులు మొదలు కిరాణా చీటీల వఱకు దాచు నలవాటు ఆమెకు కలదు. గోడ పనివారు వచ్చిన నాడు ఆమె అచటనే యున్నది. “వారిచ్చిన కాగితము బిస్కట్ల రేకు డబ్బాలో, మెట్ల క్రింది అరలో పెట్టితిని” అని చెప్పెను. అది ఇరువదియైదు సంవత్సరముల హామీపత్రము, పెట్టినచోటనే యున్నది. దానిని చూచి పరీక్షకుడు గోడను లెక్కలో చేర్చెను. ‘డి’ వచ్చినది. ‘డి’ యన్నది గొప్ప యక్షరము కాదు. కాని ఉన్నదున్నట్లు చెప్పిన యక్షరము. కొనవచ్చిన దంపతులు మొదట ఆ పత్రము నడిగి, పిదప ఇల్లు చూచిరట.

ఈ పత్రము చెప్పునదియు చెప్పనిదియు గూడ తెలిసికొనవలెను. ఇది ఇంటికి వేసిన యంకె. అందున్నవారి యలవాటులకు వేసినది కాదు. కూర్చుండు గది 21 డిగ్రీల వెచ్చదనమున నుండునని, సామాన్యమైన కుటుంబము సామాన్యముగా వాడునని ఎంచి లెక్కవేయుదురు. కావున పొదుపరి యింట బిల్లు తక్కువగను, చలికి తాళలేని వృద్ధుల యింట ఎక్కువగను రావచ్చును. రెండిండ్లను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుటకు ఇది మంచి కొలమానము; రేపటి బిల్లును పైసాతో చెప్పు జోస్యము కాదు. మఱియు పై యంకె ఇంధనపు ఖర్చుపై నాధారపడినది. అచట విద్యుత్తు గ్యాసుకంటె ప్రియము గనుక, పాత విద్యుత్తు పొయ్యిలతో కాగు ఇంటికి అంకె తగ్గును. గాలిలోనికి పోవు బొగ్గుపులుసు వాయువును గూర్చి పత్రమున వేఱుగా చెప్పియుండును. ఇంటి పునాది కుంగినదా, దూలములు పుచ్చినవా యన్న ప్రశ్నలకు ఈ పత్రమున జవాబు లేదు. దానికి వేఱుగా సర్వేయరును పిలువవలెను. పత్రమున తప్పు కనబడినయెడల మొదట పరీక్షకునకు, అతడు సరిచేయనియెడల అతని సంఘమునకు ఫిర్యాదు చేయవచ్చును.

అద్దె కిచ్చు తలంపుతో కొనువారికి మఱియొక సంగతి. ఇంగ్లండు, వేల్సులలో 2018 ఏప్రిల్ 1నుండి క్రొత్త అద్దె ఒప్పందములకును, 2020 ఏప్రిల్ 1నుండి నడచుచున్న ఒప్పందములకును ఇంటికి కనీసము ‘ఇ’ యుండవలెనని నియమము వచ్చినది. కొన్ని మినహాయింపులున్నను, ‘ఎఫ్’, ‘జి’ ఇండ్లను చౌకయని కొని అద్దె కిత్తుమనుకొనువారు ముందు ఈ లెక్క చూచుకొనవలెను.

అమ్మకమునకు ముందు ఇంటిని బాగుచేయింపవలెనా యని చాలమంది అడుగుదురు. దీపములు మార్చుట, వేడినీటి పీపాకు చొక్కా తొడుగుట, అటకమీద పొర తగ్గియున్నచోట పూరించుట—ఇవి స్వల్పవ్యయముతో తీఱును. బాయిలరు, కిటికీలు, గోడలు పెద్ద ఖర్చులు. అమ్మకపు ధరలో ఆ సొమ్మంతయు తిరిగి వచ్చునని హామీ లేదు. కాని ఈ ప్రశ్న అడుగు సమయమే పొరపాటని నా యభిప్రాయము. అమ్మబోవు వారమున ఇంటికి గొంగళి కప్పినచో దాని వెచ్చదనము కొన్నవానికే. ఇల్లు కొన్న యేటనే శక్తిపత్రమును చదివి, ఆ పట్టీలోని పనులు ఒక్కొక్కటిగా చేయించుకొన్నచో, ఆ యేండ్లన్నియు వెచ్చగా నిద్రించువారు మన పిల్లలే. బిల్లులు తగ్గి మిగులునది వారి సొమ్మే. అమ్మునాటికి మంచి యక్షరము దానంతట వచ్చును.

మన దేశమున ఇల్లమ్ముటకు ఇట్టి పత్రము కావలెనను చట్టము లేదు. 2002లో స్థాపింపబడిన శక్తిసామర్థ్య సంస్థ నక్షత్రముల చీటీలను నడపుచున్నది. 2018లో నివాసగృహముల కొఱకు ‘ఎకో నివాస్ సంహిత’ యను నియమావళిని ప్రభుత్వము వెలువరించినది. మన బాధ చలి కాదు, ఎండ. అయినను వేడి నడక ఒక్కటియే. అచట లోపలినుండి బయటికి పోవుచున్నది. ఇచట కప్పుగుండ బయటనుండి లోపలికి వచ్చుచున్నది. కాంక్రీటు కప్పు క్రింద ఏ.సి. పెట్టి విద్యుత్తు బిల్లు చూచి నిట్టూర్చు మన గృహస్థుడును, గ్యాసు బిల్లు చూచి నిట్టూర్చిన ఆ తండ్రియు ఒకే చిక్కున పడినవారు. కాగితము లేకున్నను, ఇల్లు కొనునపుడు మిట్టమధ్యాహ్నము పై గదిలో కొంతసేపు కూర్చుండి చూచుటకు ఏ చట్టమును అడ్డురాదు.

కావున పెద్దలారా, ఈసారి సముద్రములకు అవతలినుండి ఇంటి బేరమును గూర్చి కబురు వచ్చినపుడు, హక్కును, ఋణమును, దిక్కును అడిగిన తరువాత ఇంకొక మాట గూడ అడుగుడు: “నాయనా, శక్తిపత్రమున ఏ యక్షరమున్నది? క్రింద ఏ మరమ్మతులు వ్రాసినారు?” అమ్ముచున్నవాడైన యెడల, “పాత పత్రము ఏ నాటిది? నీవు చేయించిన పనుల కాగితము లెచ్చట నున్నవి?” అని యడుగుడు. ఆ ప్రశ్నలు దూరమున నున్న యొక బిడ్డ గదిని చలికాలమున వెచ్చగా నుంచవచ్చును.